ఫొటో వెనక రాసిన పేరు

మొన్న సంక్రాంతికి ఊరెళ్ళినప్పుడు నాన్న కంప్యూటర్ మార్చాం. మా ఊరు వడ్డాది, చోడవరం దగ్గర. నిన్నమొన్నటిదాకా విశాఖపట్నం జిల్లా అనేవాళ్ళం, 2022 ఏప్రిల్ నుంచి అనకాపల్లి జిల్లా అయింది. పాత పెట్టెలో విండోస్ 10 ఉండేది. దానికి మైక్రోసాఫ్ట్ మామూలు మద్దతు 2025 అక్టోబరు 14తో అయిపోయింది. 11 వేద్దామంటే ఆ ప్రాసెసరు పనికిరాదంది. సరేలెమ్మని వైజాగులో కొత్తది కొని కారులో పడేసుకెళ్ళాను.

నాన్నకి కంప్యూటర్‌తో ఉన్న పనులు రెండే. ఒకటి బ్యాంకు లెక్కలు చూసుకోవడం, రెండు ఫొటోలు చూసుకోవడం. నేను కేబుళ్ళు బిగిస్తోంటే పక్కన కుర్చీ వేసుక్కూచున్నారు. కాసేపు చూసి, ఒకటే ప్రశ్న వేశారు.

"ఫొటోలొస్తాయి, సరే. పేర్లొస్తాయా?"

ఇరవయ్యేళ్ళ పైచిలుకు సాఫ్ట్‌వేర్‌లో ఉన్నవాణ్ణి. అందులో సగం కాలం మైగ్రేషన్ ప్రాజెక్టులే చేశాను. ఊరూపేరూ తెలియని బ్యాంకుల డేటాని ఒక సిస్టమ్ నుంచి ఇంకో సిస్టమ్‌కి రూపాయి తేడా రాకుండా మార్చాను. అలాంటిది మా నాన్న ప్రశ్నకి చప్పున జవాబు చెప్పలేకపోయాను. ఎందుకంటే ఇంతకుముందు ఒకసారి పేర్లు రాలేదు. రాకపోవడానికి కారణం నేనే.

జరిగింది ఇదీ

2007 వేసవిలో సెలవు పెట్టి ఊరెళ్ళినప్పుడు ఒక స్కానర్ కూడా పట్టుకెళ్ళాను. మా ఇంట్లో అటక మీద ఒక ట్రంకు పెట్టె నిండా పాత ఫొటోలుండేవి. పెళ్ళిళ్ళవి, తీర్థానికెళ్ళినప్పుడు స్టూడియోలో నిలబడి తీయించుకున్నవి, ఎవరో పోయినప్పుడు తీసినవి కూడా. మొత్తం మూడొందల నలభై. నేనొక్కోటీ స్కాన్ చేస్తోంటే నాన్నమ్మ పక్కన మంచం మీద కూచుని చెప్పుకుపోయేది.

"ఈయన మీ పెదతాతరా. ఆ పక్కనున్నాది నా పెద్ద తోటికోడలు. పెళ్ళయిన రెండో ఏడే పోయింది పాపం. ఈ కుర్రోడెవుడనుకున్నావు? మీ నాన్నే!"

చెప్పింది చెప్పినట్టు కాప్షన్లుగా కొట్టేవాణ్ణి. వారం పట్టింది. ఏ సాఫ్ట్‌వేర్‌లో కొట్టానో దాని పేరు ఇక్కడ అనవసరం, దాని తప్పేమీ లేదు. 2009లో నాన్నమ్మ పోయింది. 2010లో ఆ కంప్యూటర్‌కి వైరస్ పట్టింది. ఫొటోలన్నీ డి డ్రైవులో భద్రంగా ఉన్నాయి కదా అన్న ధీమాతో సి డ్రైవుని ఫార్మాట్ కొట్టేశాను. పనిలోపని అదే సాఫ్ట్‌వేర్ కొత్త వెర్షన్ ఎక్కించాను. మూడొందల నలభై ఫొటోలూ వచ్చాయి. ఒక్క పేరూ రాలేదు. పేర్లు ఫొటోల్లో లేవు. సి డ్రైవులో, నా యూజర్ ఫోల్డరు కింద ఎక్కడో ఆ సాఫ్ట్‌వేర్ పెట్టుకున్న సొంత డేటాబేసులో ఉన్నాయి. అది ఫార్మాట్‌లో తుడుచుకుపోయింది.

"పోన్లే, కొన్ని ప్రింట్ల వెనక రాసున్నాయిగా, తీరిగ్గా చూసుకోవచ్చు" అనుకున్నాను. ఆ తీరిక వచ్చేలోపు 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ వచ్చింది. పెంకులు లేచిపోయి అటక మీదకి నీళ్ళు దిగాయి. ట్రంకు పెట్టెలో ప్రింట్లు ఒకదానికొకటి అంటుకుపోయి అట్టలా తయారయ్యాయి. కొన్నిటిని విడదీయగలిగాం, చాలావాటిని లేదు.

అప్పట్నుంచీ నాకొక పిచ్చి పట్టుకుంది. ఈ ఫొటో సాఫ్ట్‌వేర్లన్నీ మనం చేసిన పనిని ఎక్కడ దాస్తాయి? ఎవరు ఎప్పుడు అలా నిర్ణయించారు? ఎందుకు? ఈ వ్యాసం ఆ పిచ్చి ఫలితమే.

రాసేదేదో దానిమీదే రాయడం

కంప్యూటర్ల కంటే ముందు సంగతి చూద్దాం. మా వడ్డాది ఒకప్పుడు మత్స్య వంశపు రాజుల రాజధాని, ఒడ్డాది అనేవారు. మా ఊరికి దగ్గర్లోనే ఉన్న దిబ్బిడ పేరుతో ఒక తామ్రశాసనం ఉంది. శక సంవత్సరం 1191, అంటే 1269 నాటిది. మత్స్యరాజు అర్జునుడు వేయించింది. అందులో దానం సంగతితో పాటు ఆ వంశంలో ఎవరి తరవాత ఎవరు అన్న పొడుగాటి వంశావళి చెక్కించారు. ఏడున్నర శతాబ్దాల తరవాత కూడా ఆ పేర్లు మనకి తెలుస్తున్నాయంటే, అవి రేకు మీదే ఉన్నాయి కాబట్టి. "పేర్ల జాబితా వేరే చోట ఉంది, చూసుకోండి" అని ఆ రేకులో రాసుంటే ఈపాటికి దాని పని అయిపోయేది.

ఫొటోల కాలానికొస్తే, మనకందరికీ తెలిసిన పేరు రాజా దీన్‌దయాళ్. ఆరో నిజాం మహబూబ్ అలీఖాన్ ఆస్థాన ఫొటోగ్రాఫర్, సికింద్రాబాదులో స్టూడియో నడిపాడు. ఆయన ప్రింట్లు ఎప్పుడైనా చూస్తే గమనించండి. చాలావాటిలో కింది భాగాన ఒక నంబరు, ఆ చోటు పేరు తెల్లటి అక్షరాల్లో కనబడతాయి. అవి ప్రింటు మీద రాసినవి కావు, నెగెటివ్ గాజు పలక మీదే రాసినవి. ఆ పలక నుంచి ఎన్ని కాపీలు తీసినా పేరు కూడా వెంట వచ్చేస్తుంది. 1989లో ఆయన గాజు నెగెటివ్‌లు 2,857 ఢిల్లీలోని ఇందిరాగాంధీ జాతీయ కళా కేంద్రం కొంది. అవి చేతులు మారినా వాటిమీద రాసిన పేరు వాటితోనే వెళ్ళింది.

మనలాంటి మామూలు ఇళ్ళలో గాజు పలకలు ఉండవు కాబట్టి ప్రింటు వెనక పెన్నుతో రాసేవాళ్ళు. "చి. సౌ. ఫలానా, వివాహ సమయమున" అని. దీని గొప్పతనమేమిటంటే, ఆల్బమ్ మార్చినా, బీరువా మార్చినా, ఇల్లు మారినా రాసింది ఫొటోతోనే ఉంటుంది. ఆల్బమ్‌కి అట్ట మార్చినందుకు ఫొటోల వెనక పేర్లు చెరిగిపోయాయని ఎవరైనా చెబితే మనం నమ్ముతామా? కంప్యూటర్లో మాత్రం సరిగ్గా అదే జరిగింది. చాలాసార్లు జరిగింది.

దిద్దడం ముందొచ్చింది

హోమ్ కంప్యూటర్లో ఫొటోల కథ సర్దుకోవడంతో మొదలవలేదు, దిద్దడంతో మొదలైంది. 1987లో మిషిగన్ విశ్వవిద్యాలయంలో పీహెచ్‌డీ చేస్తున్న థామస్ నోల్, తన మ్యాక్ ప్లస్ నలుపు-తెలుపు తెర మీద బూడిదరంగు ఛాయలు చూపించడానికి ఒక చిన్న ప్రోగ్రాం రాసుకున్నాడు. ఇంట్లో వాళ్ళ నాన్నకి డార్క్‌రూమ్ ఉండేది కాబట్టి అన్నదమ్ములిద్దరికీ ఫొటో కడగడం తెలుసు. తమ్ముడు జాన్ నోల్ సినిమా గ్రాఫిక్స్ కంపెనీ ఇండస్ట్రియల్ లైట్ అండ్ మ్యాజిక్‌లో పనిచేసేవాడు. ఇద్దరూ కలిసి దాన్ని పెంచారు. అడోబీ చేతికొచ్చి 1990 ఫిబ్రవరిలో ఫొటోషాప్ 1.0 పేరుతో విడుదలైంది, మ్యాక్ మీద మాత్రమే.

మన జాతివాళ్ళకి నచ్చే సంగతి ఒకటి. 2013లో అడోబీ ఆ 1.0.1 వెర్షన్ సోర్స్ కోడుని కంప్యూటర్ హిస్టరీ మ్యూజియం ద్వారా బయటపెట్టింది. 179 ఫైళ్ళు, సుమారు 1,28,000 లైన్లు. ముప్పాతిక పాస్కల్, మిగతాదాంట్లో ఎక్కువ భాగం 68000 అసెంబ్లీ. కామెంట్లు దాదాపు లేవు. (మన కోడ్ రివ్యూల్లో పాసయ్యేది కాదు :) )

అప్పటి ఫొటోషాప్‌లో దిద్దడమంటే దిద్దడమే. పిక్సెల్ మార్చి సేవ్ కొడితే పాతది పోయినట్టే. లేయర్లు 1994లో 3.0తో వచ్చాయి. వెనక్కి అంచెలంచెలుగా వెళ్ళే హిస్టరీ పాలెట్ 1998లో 5.0తో గానీ రాలేదు, అప్పటిదాకా ఒక్క అన్‌డూతోనే లోకం నడిచింది. ఇక ఉన్న ఫొటోలన్నిట్నీ బొమ్మలుగా చూపించే ఫైల్ బ్రౌజరు 2002లో 7.0తో వచ్చింది. అంటే పుట్టిన పన్నెండేళ్ళకి "నీ దగ్గర ఫొటోలు ఒకటి కాదు, వేలున్నాయి" అన్న సంగతి ఫొటోషాప్‌కి పట్టిందన్నమాట.

ఈ 7.0 గురించి ఒక మాట. ఆంధ్రలో ఏ చిన్న టౌనుకెళ్ళినా పెళ్ళి ఫొటో స్టూడియోల్లో ఏళ్ళ తరబడి ఇదే నడిచింది. మొహం మీద మచ్చలు తుడిచేసే హీలింగ్ బ్రష్ దీంతోనే వచ్చింది మరి. చోడవరంలో నాకు తెలిసిన ఒక స్టూడియో ఆయన్ని "ఇంకా ఇదేంటండీ, కొత్తది వేసుకోవచ్చుగా" అని అడిగాను ఒకసారి. ఆయన నన్ను జాలిగా చూశాడు. "బాబూ, నా యాక్షన్లన్నీ ఇందులో ఉన్నాయి. నా అను ఫాంట్లు ఇందులో పడతాయి. కొత్తదాంట్లో తెలుగు తేడా కొట్టి కార్డులో పెళ్ళికూతురి పేరు తప్పొస్తే పెళ్ళివాళ్ళు నన్ను తంతారు, నిన్ను కాదు." అప్పుడు నవ్వుకున్నాను గానీ, ఆయన చెప్పింది అక్షరాలా నిజం. అప్‌గ్రేడ్ చెయ్యనివాడికి తెలివి తక్కువని మనం అనుకుంటాం. అతను పోగొట్టుకోబోయేది ఏమిటో అతనికి మనకంటే బాగా తెలుసు.

పేరు రాసుకునే చోటు

ఇంకోపక్క ఫైల్లోనే సమాచారం పెట్టే ప్రయత్నాలు కూడా జరిగాయి. 1990ల మొదట్లో వార్తాసంస్థలు తమ ఫొటోలకి కాప్షన్, ఫొటోగ్రాఫర్ పేరు జతచెయ్యడానికి ఐపీటీసీ అనే పద్ధతి పెట్టుకున్నాయి. ఫొటోషాప్ దాన్ని ఇమేజ్ ఫైల్లోపలే రాయడం మొదలెట్టింది. 1995లో జపాన్ పరిశ్రమ సంఘం ఎక్సిఫ్ అనే ప్రమాణం తెచ్చింది. కెమెరా ఏ తేదీన, ఎంత ఎక్స్‌పోజరుతో తీసిందో జేపెగ్‌లోనే రాసేది అదే. ఇవాళ్టికీ మన ఫోన్లన్నీ రాస్తున్నది అందులోనే.

వీటిలో మనకొక చిక్కుంది. ఎక్సిఫ్‌లో "బొమ్మ వివరణ" అనే గడి ఆస్కీకి మాత్రమే. అంటే ఇంగ్లీషు అక్షరాలు, అంకెలు, అంతే. తెలుగులో "అప్పలనర్సమ్మ" అని రాసుకునే హక్కు ఆ ప్రమాణం ప్రకారం లేదు. యూటీఎఫ్-8ని ఎక్సిఫ్ అధికారికంగా ఒప్పుకున్నది ఎప్పుడో తెలుసా? 2023లో, 3.0 వెర్షన్‌తో. ఇరవై ఎనిమిదేళ్ళు! పాత ఐపీటీసీలో కూడా తెలుగు రాస్తే, రాసిన సాఫ్ట్‌వేరూ చదివే సాఫ్ట్‌వేరూ ఒకే మాట మీద లేకపోతే ప్రశ్నార్థకాలో పిచ్చి గుర్తులో వచ్చేవి.

ఈ చిక్కు తీర్చింది 2001లో అడోబీ తెచ్చిన ఎక్స్‌ఎంపీ. ఇది లోపల ఎక్స్‌ఎంఎల్, కాబట్టి యూనికోడ్. తెలుగైనా తమిళమైనా పడుతుంది. ఫైల్లోపలే ఇముడుతుంది. విండోస్ ఎక్స్‌పీ తెలుగు లిపిని చూపించడం మొదలెట్టింది కూడా 2001లోనే, గౌతమి ఫాంటుతో. అంటే 2001 చివరికి ఒక తెలుగువాడు తన ఇంటి ఫొటోలో తెలుగులో పేరు రాసి శాశ్వతంగా ఉంచుకోవడానికి కావలసిన సరంజామా అంతా సిద్ధమైపోయింది. వాడుకునేవాళ్ళే లేరు. నేను 2007లో కూడా పేర్లు ఇంగ్లీషు అక్షరాల్లోనే కొట్టాను, వేరే దారుందని ఆలోచించను కూడా లేదు.

అడోబీ మాటొచ్చింది కాబట్టి మన హైదరాబాదాయన సంగతి చెప్పుకోవాలి. తెలుగు కుటుంబంలో పుట్టి, ఉస్మానియాలో ఇంజనీరింగ్ చదివిన శంతను నారాయణ్ 1996లో పిక్ట్రా అనే కంపెనీ వ్యవస్థాపకుల్లో ఒకరు. ఇంటర్నెట్ మీద డిజిటల్ ఫొటోలు పంచుకోవడం ఆ కంపెనీ ఆలోచన. 1996లో! అప్పటికి మన ఊళ్ళల్లో ఇంటర్నెట్ అన్న మాటే వినబడేది కాదు, డిజిటల్ కెమెరా సామాన్యుడు చూసెరగడు. ఆలోచన సరైనదే గానీ పదేళ్ళు ముందొచ్చింది. ఆయన 1998లో అడోబీలో చేరి, 2007 డిసెంబరులో దాని సీఈవో అయ్యారు. ఆయన హయాంలోనే 2013 మే నెలలో అడోబీ ఇక సాఫ్ట్‌వేర్ని పెట్టెల్లో అమ్మం, నెలనెలా చందా కడితేనే కొత్త వెర్షన్లు అని ప్రకటించింది. దాని సంగతి తరవాత.

సర్దే సాఫ్ట్‌వేర్లు

డిజిటల్ కెమెరాలు ఇళ్ళలోకి వచ్చేసరికి సమస్య మారింది. ముప్పయ్యారు ఫొటోల రీలు పోయి, తిరుపతి వెళ్ళొస్తే నాలుగొందల ఫొటోలు. దిద్దడం తరవాత సంగతి, ముందు వెతుక్కోవాలి కదా.

2002 జనవరిలో ఆపిల్ ఐఫొటో తెచ్చింది. అదే ఏడు లైఫ్‌స్కేప్ అనే చిన్న కంపెనీ పికాసా తెచ్చింది. 2004 జులైలో గూగుల్ ఆ కంపెనీని కొని పికాసాని ఉచితం చేసేసింది. మనలో సగం మందికి ఫొటో సాఫ్ట్‌వేర్ అంటే అదే గుర్తు. అంతకుముందే, 2001 చివర్లో, రెంచి రాజు అనే ప్రోగ్రామర్ లినక్స్ కోసం డిజికామ్ మొదలెట్టారు. 2007లో అడోబీ లైట్‌రూమ్ వచ్చింది, విండోస్ విస్టాతో పాటే ఫొటో గేలరీ వచ్చింది.

వీటిలో చాలావాటితో ఒక పెద్ద మార్పు జనంలోకి వచ్చింది. మీరు దిద్దితే అసలు ఫొటో చెక్కుచెదరదు. "ఈ ఫొటోని కాస్త కత్తిరించు, కాస్త వెలుగు పెంచు" అన్న ఆదేశాలు మాత్రం ఇంకోచోట రాసుకుని, చూపించేటప్పుడు ఆ ప్రకారం చూపిస్తుంది. ఫొటోషాప్‌లో సేవ్ కొట్టి అసలు పోగొట్టుకున్న ప్రతివాడికీ ఇది వరం.

కానీ ఆ "ఇంకోచోటు" ఎక్కడ? పికాసా అయితే ప్రతి ఫోల్డరులోనూ ఒక దాచిన ఐఎన్ఐ ఫైల్లో మార్పులు రాసేది, మిగతా లెక్కలు యూజర్ ఫోల్డరులోని తన డేటాబేసులో. దాని న్యాయం దానికి చెప్పాలి, కాప్షన్లు మాత్రం జేపెగ్‌లోనే రాసేది. లైట్‌రూమ్ అయితే కేటలాగ్ అనే ఒక ఎస్‌క్యూలైట్ ఫైల్లో. మార్పుల్ని ఎక్స్‌ఎంపీలో కూడా రాయమని చెప్పే అవకాశం ఉంది, కానీ మనం వెళ్ళి టిక్కు పెట్టాలి.

2009 నుంచి మొహాలు గుర్తుపట్టడం కూడా వచ్చింది. ఆ ఏడు ఐఫొటోలో ఫేసెస్, పికాసా 3.5లో పేర్ల టాగులు. ఒక్కో మొహం కింద పేరు కొడుతుంటే తమాషాగా ఉండేది, మిగతా ఫొటోల్లో అదే పట్టేసేది. ఎంతమంది ఎన్ని ఆదివారాలు దానికి ధారపోశారో. ఆ పేర్లని పికాసా ఫొటో ఫైల్లోపల కూడా రాసే వీలు 2011 చివర్లో 3.9 వెర్షన్‌తో వచ్చింది. అంతకుముందు కొట్టినవి దాని సొంత ఫైళ్ళలోనే. అడోబీ, ఆపిల్, మైక్రోసాఫ్ట్ లాంటి కంపెనీలు కూడబలుక్కుని మెటాడేటా వర్కింగ్ గ్రూప్ అని ఒకటి పెట్టుకుని, 2010లో మొహం ఎక్కడుందో, ఎవరిదో ఫైల్లో ఎలా రాయాలో కూడా ఒప్పందానికొచ్చాయి. ఒప్పందం బాగానే ఉంది. దాన్ని పాటించడమే ఎవరిష్టం వాళ్ళది.

తరవాత ఒక్కొక్కటే

2015 ఏప్రిల్‌లో ఆపిల్ ఐఫొటోనీ, పెద్దవాళ్ళ కోసం 2005లో తెచ్చిన అపెర్చర్‌నీ పక్కనపెట్టి ఫొటోస్ అనే కొత్తది తెచ్చింది. పాత లైబ్రరీని అది తీసుకుంటుంది గానీ, మనం ఫొటోలకిచ్చిన నక్షత్రాల రేటింగులు ఉత్త కీవర్డులుగా మారిపోయేవి. 2016 మార్చి 15తో పికాసా డెస్క్‌టాప్‌కి గూగుల్ మద్దతు ఆపేసింది. 2017 జనవరి 10తో మైక్రోసాఫ్ట్ ఫొటో గేలరీ కథ ముగిసింది. లైట్‌రూమ్‌లో ఒకసారి డబ్బిచ్చి కొనుక్కునే చివరి వెర్షన్ 2015లో వచ్చిన 6, ఆ తరవాత చందానే. 2015లో మొదలైన గూగుల్ ఫొటోస్‌లో ఎన్నయినా ఉచితంగా దాచుకోవచ్చన్నారు, 2021 జూన్ 1 నుంచి ఆ ఉచితం పోయింది. అక్కడి నుంచి మన ఫొటోలు దింపుకుంటే, మనం రాసిన వివరణలు పక్కనే ఒక్కో జేసన్ ఫైలుగా విడిగా వస్తాయి. ఆ రెంటినీ మళ్ళీ కలుపుకోవడం మన తలనొప్పి.

వీళ్ళెవరూ ఒక్క ఫొటోని చెరపలేదు. ఇది గమనించాలి. ప్రతి అప్‌గ్రేడ్‌లోనూ ఫొటో భద్రంగా దాటింది. దాటలేక ఒడ్డున మిగిలిపోయింది, ఫొటో గురించి మనం చెప్పిన మాట.

ఇక్కడ ఆ ఇంజనీర్ల పక్షాన కూడా మాట్లాడాలి, లేకపోతే అన్యాయం. యాభై వేల ఫొటోల్లో ఒక పేరు క్షణంలో వెతకాలంటే డేటాబేసు ఉండాల్సిందే, ప్రతిసారీ ప్రతి ఫైలూ తెరిచి చూడలేం. పేరు మార్చిన ప్రతిసారీ ఐదు ఎంబీల ఫైలు తిరగరాస్తే, మధ్యలో కరెంటు పోతే? (మా ఊళ్ళో పోతుంది.) అప్పుడు పేరు కాదు, ఫొటోయే పోతుంది. అసలు ఫైలుని ముట్టుకోకూడదన్న నియమం వినియోగదారుడి మేలు కోరి పెట్టుకున్నదే. ఆ టీములో నేనున్నా అదే డిజైన్‌కి ఓటేసేవాణ్ణి.

నా ఫిర్యాదల్లా ఒక్కటే. వేగం కోసం పెట్టుకున్న డేటాబేసు మెల్లిగా అసలు రికార్డు అయి కూచుంది. మనం ఆఫీసులో క్యాష్‌నీ అసలు డేటానీ ఒకటిగా చూస్తే మేనేజరు ఊరుకుంటాడా? క్యాష్ చెరిపేసినా సిస్టమ్ మళ్ళీ లేవాలి. ఇంటి ఫొటోల విషయంలో క్యాష్ ఒక్కటే ఉంది, దాని వెనక అసలు లేదు. ఆ సంగతి వాడేవాడికి చెప్పిన సాఫ్ట్‌వేర్ నాకు కనబడలేదు. "మీరు కొట్టే పేర్లు ఈ ఫొటోలో ఉండవు, నాతోపాటే పోతాయి" అని ఒక్క ముక్క తెర మీద కనిపించి ఉంటే 2010లో నేనా ఫార్మాట్ కొట్టేవాణ్ణి కాను. అయినా సరే, బ్యాకప్ తీసుకోకపోవడం నా బుద్ధితక్కువే, ఎవరి మీదా తోసెయ్యను.

ఈసారి ఏం చేశామంటే

మూడు రోజులు కూచున్నాం, నాన్నా నేనూ. కొత్త కంప్యూటర్లో డిజికామ్ వేశాను. మెటాడేటా సెట్టింగుల్లోకెళ్ళి కాప్షన్లు, టాగులు, మొహాల పేర్లు అన్నీ ఫైళ్ళలోనే రాయమని టిక్కులు పెట్టాను. ముందు మొత్తం ఫొటోలు ఒక బయటి డిస్కులోకి కాపీ తీసి పక్కన పెట్టాను, కరెంటు భయానికి. ఈసారి పేర్లు తెలుగులోనే. నాన్న స్వయంగా కొట్టారు, మెల్లిగా, ఒక్కో వేలితో.

నాన్నకి గుర్తున్నవి నూట యాభై దాకా తేలాయి. విడదీయగలిగిన ప్రింట్ల వెనక నుంచి ముప్పై ఒకటి. మాడుగులలో ఉన్న మా మేనత్తకి వీడియో కాల్ చేసి ఒక్కోటీ చూపిస్తే ఇంకో నలభై. "ఈ గుంటెవురో నాకూ తెలీదురా, అమ్మకే తెలుసు" అని ఆవిడ అన్న ప్రతిసారీ నాన్న నావైపు చూడలేదు. చూసుంటే బావుండేది.

అయ్యాక పరీక్ష పెట్టాను. నాలుగు ఫొటోలు పెన్‌డ్రైవులో వేసి, డిజికామ్ అన్నదే లేని నా ఆఫీసు లాప్‌టాప్‌లో ఎక్జిఫ్‌టూల్‌తో తెరిచాను. ఫిల్ హార్వే అనే ఆయన 2003 నుంచి ఉచితంగా ఇస్తున్న చిన్న ప్రోగ్రాం అది. ఫైల్లో ఏముందో ఉన్నదున్నట్టు చూపిస్తుంది. తెర మీద తెలుగులో పేర్లు వచ్చాయి. నాన్నని పిలిచి చూపించాను.

"ఈ కంప్యూటర్ పోయినా వస్తాయా?"

"వస్తాయి నాన్నా. వాట్సాప్‌లో మామూలు ఫొటోలా పంపితే మాత్రం రావు, అది తీసేస్తుంది. డాక్యుమెంటులా పంపాలి."

"అయితే అందరికీ అలాగే పంపు" అన్నారు. పంపాను, పదకొండు ఇళ్ళకి.

మీరూ ఒక పని చెయ్యండి. ఈ ఆదివారం మీ ఇంటి ఫొటోల్లోంచి, మీరు ఎప్పుడో పేరు రాసిన ఒక్క ఫొటో తీసుకోండి. దాన్ని వేరే కంప్యూటర్లో, వేరే సాఫ్ట్‌వేర్‌లో తెరవండి. పేరు కనబడితే హాయిగా కాఫీ తాగండి. కనబడకపోతే ఆ రోజు ఇంకే పనీ పెట్టుకోకండి. ఇంట్లో పెద్దవాళ్ళుంటే ముందు వాళ్ళ పక్కన కూచోండి, సాఫ్ట్‌వేర్ సంగతి సాయంత్రం చూసుకోవచ్చు.

పేరు దొరకనివి నూటికి పైగా మిగిలాయి. పెదతాత పక్కన నిలబడ్డ ఆవిడ పేరు నాన్నకీ తెలీదు, అత్తకీ తెలీదు, వాళ్ళు పుట్టకముందే ఆవిడ పోయింది. నాన్నమ్మ నాకు చెప్పింది, నేను కొట్టాను, ఎంత తన్నుకున్నా గుర్తు రావట్లేదు. ఖాళీగా వదిలెయ్యడానికి మనసొప్పక, గుర్తున్నంత మటుకు కాప్షన్‌గా రాశాను. "పెదతాత మొదటి భార్య. పెళ్ళయిన రెండో ఏట పోయారు. నాన్నమ్మకి పెద్ద తోటికోడలు. 2007లో నాన్నమ్మ పేరు చెప్పింది."